రెండు వలలు, ఒక బకెట్టు

కిందటి వారం డాక్టరమ్మను ల్యాబు గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. కుర్చీలో పేషెంటు నోరు తెరుచుకుని పడుకుని ఉండగా ఆమెను ఎవరూ పిలవకూడదన్న సంగతి ఆ ఇంట్లో గోడలకు కూడా తెలుసు. అయినా మరదలు పిలిచింది. "వదినా, ఒక్కసారి ఇటు రండి" అంది. గొంతులో భయం లేదు, పైపెచ్చు కాస్త సంతోషం లాంటిది ఉంది. అందుకే డాక్టరమ్మ చేతిలో పని ఆపి లేచింది.

మధ్యలో వచ్చి చేరినవారి కోసం నాలుగు మాటలు. కింద పళ్ళ ఆసుపత్రి, పైన ఇల్లు. డాక్టరమ్మ పళ్ళు చూస్తుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఉన్న పన్ను కూడా పీకుతుందని ప్రతీతి. ఆమె తమ్ముడు వెనకగదిలో, అంటే ల్యాబులో, కూర్చుని పళ్ళసెట్లు తయారుచేస్తాడు. తమ్ముడి భార్య ముందుగదిలో వచ్చినవాళ్ళను వరసలో కూర్చోబెడుతుంది, ఆ గది గోడ పొడుగునా ఉన్న చేపల తొట్టిని చూసుకుంటుంది. డ్రిల్లు చప్పుడు వినగానే కుర్చీల కింద దూరే పిల్లలు ఆ తొట్టి ముందు మాత్రం బుద్ధిగా నిలబడతారు. వాళ్ళే ఆమెకు చేపలత్త అని పేరు పెట్టారు.

కొన్నాళ్ళ కిందట చేపలకు తెల్లమచ్చ తగిలింది. చేప ఒంటిమీద ఉప్పురవ్వ చల్లినట్టు కనిపించే జబ్బు అది. మొదట వెనకగదిలోని చిన్న తొట్టిలో, విడిగా ఉంచిన కొత్త చేపల్లో కనబడింది. నాలుగు రోజులు తిరక్కుండా ముందుగదిలోని పెద్ద తొట్టికి ఎగబాకి తొట్టంతా ఊడ్చిపెట్టుకుపోయింది. మిగిలింది ఒక్క చేప. అద్దానికి నోరానించి పాచి తింటూ బతికే ఆ ముసలిదాన్ని ఇంట్లో అందరూ పెద్దమనిషి అంటారు.

చచ్చిన చేపల్ని బయటికి తీస్తున్న రోజున, పేషెంట్లందరూ చూస్తుండగా, డాక్టరమ్మ తీర్పు చెప్పింది. ఒకే వలను రెండు తొట్లలోనూ ముంచింది కాబట్టే జబ్బు ఇటునుంచి అటు వెళ్ళిందని తేల్చేసింది. "లేదు వదినా, చిన్నదానికి ఎర్రదారం కట్టిన వల, పెద్దదానికి నీలిదారం కట్టింది. ఏనాడూ మార్చలేదు" అంది మరదలు. "పైగా అబద్ధమా?" అంది డాక్టరమ్మ. మరదలు వంగి చచ్చిన చేపల్ని తీస్తూ పోయింది.

తర్వాత తొట్టి ఖాళీ చేసి, కడిగి, ఎండగట్టి, మళ్ళీ నీళ్ళు నింపారు. పోయిన వారం మొదటి విడత చేపలు పడ్డాయి. ఇవాళ రెండో విడత రావాలి. పెద్దమనిషి ఒంట్లో జబ్బు దాక్కుని ఉందేమోనన్న అనుమానంతో మరదలు దాన్ని చిన్న తొట్టిలోనే ఉంచి మందు వేస్తోంది. ఈసారి కూడా చేపలు చస్తే తొట్టి తీసేసి, ఆ గోడకు టీవీ పెట్టాలని ఇంట్లో ఖాయమైంది.

డాక్టరమ్మ గుమ్మంలోంచి లోపలికి వచ్చింది.

ల్యాబు గదిలో తమ్ముడు తలెత్తకుండా ప్లాస్టరు అచ్చు అరగదీస్తున్నాడు. బల్ల మీద ఎవరివో పై పళ్ళు, పక్కన ఎవరివో కింది పళ్ళు. కిటికీ కింద చిన్న తొట్టి. మరదలు దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"తోక దగ్గర చూడండి వదినా."

డాక్టరమ్మ వంగి చూసింది. పెద్దమనిషి నల్లటి ఒంటి మీద, తోక మొదట్లో, తెల్లటి రవ్వలు రెండో మూడో ఉన్నాయి.

"మళ్ళీ వచ్చిందా!"

"వచ్చింది. మొదటిసారి వేసిన మందుకి పూర్తిగా పోలేదన్నమాట. మొప్పల్లో ఎక్కడో దాక్కుంది. నా అనుమానమే నిజమైంది."

"దానికి అంత సంతోషమేంటి?" అన్నాడు తమ్ముడు అచ్చు మీంచి దుమ్ము ఊదుతూ.

"సంతోషం కాకపోతే? దీన్ని కూడా పెద్ద తొట్టిలో వేసెయ్యమన్నారుగా మీరు. పాపం ఒంటరిగా ఉందన్నారు. వేసుంటే ఈపాటికి అన్నిటికీ అంటుకునేది." మరదలు డాక్టరమ్మ వైపు తిరిగింది. "ఇప్పుడు భయం లేదు వదినా. వల వేరు, గిన్నె వేరు, నీళ్ళు తీసే గొట్టం వేరు. జబ్బు ఈ గది దాటదు. సాయంత్రం కొత్తవాటిని నిశ్చింతగా దించుకోవచ్చు."

"మంచిపని చేశావు" అంది డాక్టరమ్మ.

ఆమె నోట ఆ మాట రావడం పంటినొప్పి దానంతటది తగ్గినంత అరుదు. తమ్ముడు అరగదీయడం ఆపి అక్కను చూశాడు. మరదలు మొహం ఎర్రబడింది. తొట్టి అద్దాన్ని కొంగుతో తుడిచింది, అప్పటికే అది తుడిచి ఉన్నా.

డాక్టరమ్మ తిరిగి తన గదిలోకి వచ్చేసరికి, కొత్తగా చేరిన అసిస్టెంటమ్మాయి ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో రెండు నోటి అద్దాలు వేసి కడుగుతోంది.

"అవి ఎవరివి?"

"ఇందాక వెళ్ళిన ఆయనది, ఇప్పుడున్న ఈవిడది మేడం."

"ఇద్దరివీ ఒకే నీళ్ళలో వేశావా?"

"స్టెరిలైజర్లో పెట్టేముందు ఓసారి శుభ్రంగా కడుగుదామనీ..."

"శుభ్రంగా!" డాక్టరమ్మ గొంతు ముందుగది దాకా వినిపించింది. "కడిగితే పోయేది మురికమ్మా, జబ్బు కాదు. ఆయన నోట్లోది ఈవిడ అద్దానికి, ఈవిడ నోట్లోది ఆయన అద్దానికి. నువ్వు కడగట్లేదు, పంచిపెడుతున్నావు. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అని మోసపోకూడదు. నేను చెప్పేది అర్థమైందా?"

"అయింది మేడం."

కుర్చీలో నోరు తెరుచుకుని ఉన్నావిడకు కూడా అర్థమైంది కాబోలు, తెరిచిన నోటితోనే తల ఊపింది. పని సాగింది.

మధ్యాహ్నానికి ఆసుపత్రి ఖాళీ అయింది. అసిస్టెంటమ్మాయి డబ్బా విప్పుకుని మూలన కూర్చుంది. డాక్టరమ్మ రోజూ చేసినట్టే వెనక వసారాలోకి వెళ్ళి మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. వేలు వేలుకూ మధ్య, గోళ్ళ కింద, మణికట్టు చుట్టూ. ఆమె చేతులు కడుక్కోవడం చూస్తే మనకు మన చేతుల మీద అసహ్యం పుడుతుంది. పక్కన గోడకు రెండు మేకులు ఉన్నాయి. ఒకదానికి ఎర్రదారం వల, రెండోదానికి నీలిదారం వల. మరదలు పొద్దున్నే రెండు తొట్లలోనూ మిగిలిన మేత, రాలిన ఆకు తీసేసి వాటిని తగిలించి వెళుతుంది. మధ్యాహ్నానికల్లా వాటినుంచి నీచువాసన వస్తూ ఉంటుంది, కారిన నీళ్ళు గోడ మీద చారలు కడుతూ ఉంటాయి.

డాక్టరమ్మ కుళాయి కింద బకెట్టు పెట్టింది. సగం నింపింది. రెండు వలల్నీ మేకుల మీంచి తీసింది, రెండింటినీ కలిపి బకెట్లో ముంచింది. పైకీ కిందికీ నాలుగుసార్లు జాడించింది. మళ్ళీ తీసి, విదిలించి, ఎర్రదాన్ని ఎర్రదాని మేకుకూ నీలిదాన్ని నీలిదాని మేకుకూ తగిలించబోయింది.

చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

బకెట్లో నీళ్ళు తేటగా ఉన్నాయి. అడుగున ఉన్న గీత కూడా కనిపిస్తోంది. ఆ తేటనీళ్ళనే ఆమె చాలాసేపు చూస్తూ నిలబడింది. రెండు చేతుల్లోనూ రెండు వలలు, రెంటినుంచీ చుక్కలు అదే బకెట్లో పడుతున్నాయి.

నువ్వు కడగట్లేదు, పంచిపెడుతున్నావు.

ఆ వలల్ని కడగమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పెద్ద తొట్టి వచ్చిన కొత్తల్లో ఒకరోజు వాసన భరించలేక కడిగింది. మర్నాడూ కడిగింది. ఆ తర్వాత అది చేతులు కడుక్కోవడంలో భాగమైపోయింది. ఇంకో సంగతి కూడా ఉంది. మరదలు పొద్దున్నించి సాయంత్రం దాకా నిలువుకాళ్ళ మీద ఉంటుంది కదా, ఈ ఒక్క పనీ తప్పుతుందిలే అని ఆమె మనసులో ఎక్కడో ఉండేది. చెప్పి చేస్తే ప్రేమ అంటారు, అది ఆమెకు చేతకాదు. అందుకని చెప్పకుండా చేసింది. ఆ ఇంట్లో ఆమె మరదలికి చేసిన ఉపకారం ఏదైనా ఉంటే అదొక్కటే, ఆ ఒక్కటే తొట్టి మొత్తాన్ని ముంచింది.

అలా కాదేమో, జబ్బు మరో దారిన వెళ్ళిందేమో అని ఆలోచించి చూసింది. ఎంత వెతికినా దొరకలేదు. చిన్న తొట్టిలో మొదట, పెద్ద తొట్టిలో తర్వాత. మధ్యలో ఈ బకెట్టు. మొదటిసారి అలాగే జరిగింది. మరి ఇప్పుడు? పెద్దమనిషి ఒంట్లో దాక్కున్నది కూడా పోయిన వారంనుంచి రోజూ మధ్యాహ్నం ఈ బకెట్లో స్నానం చేసి, నీలిదారం పట్టుకుని ముందుగదిలోకి వెళుతూనే ఉంది. అక్కడి చేపల మీద ఇంకా ఏమీ కనిపించడం లేదు. కనిపించేలోపు మందు వేస్తే బతుకుతాయి. కనిపించాక వేస్తే ఏమవుతుందో ఇల్లంతా చూసింది.

అంటే ఇప్పుడే చెప్పాలి. చెప్పాలంటే ముందు ఆ రోజు అన్నమాట వెనక్కి తీసుకోవాలి. దొంగకు తేలు కుట్టినట్టయింది ఆమె పని. రెండు వలల్నీ బకెట్లోనే వదిలేసి మెట్లెక్కింది.

పైన భోజనాల బల్ల దగ్గర అందరూ ఉన్నారు. డాక్టరమ్మ తల్లి అందరికీ వడ్డిస్తోంది. ఆవిడ నోరూ గరిటే ఒకేసారి పనిచేస్తాయి.

"ముసలి చేపకి మళ్ళీ వచ్చిందటగా?" అంది తల్లి, కోడలిని చూడకుండా కూర గిన్నెను చూస్తూ.

"దానికొక్కదానికే అత్తయ్యా. మిగతావాటికి రాదు."

"అప్పుడూ అలాగే అన్నావు."

"అమ్మా, తిననివ్వు" అన్నాడు తమ్ముడు.

"నేనేమన్నాన్రా? జాగ్రత్త అన్నాను. కొందరి చెయ్యి అంతే. మొక్క నాటినా, చేప పెంచినా నిలవదు. అది వాళ్ళ తప్పు కూడా కాదు."

డాక్టరమ్మ ముద్ద కలుపుతూనే ఉంది. మామూలుగా అయితే తల్లి అన్న మాటకు తనూ ఒకటి చేర్చేది. ఇవాళ చేర్చలేదు. చేర్చనందుకు తల్లి ఒకసారి ఆమె వైపు చూసింది.

మరదలు మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టింది. "ఈసారి కూడా చస్తే నేనే ఒప్పుకుంటానత్తయ్యా. ఎన్ని జాగ్రత్తలు పడ్డా ఇలా అవుతుందంటే నా చేతిలోనే ఏదో ఉందని నేనే చెబుతాను. టీవీ మీరు పెట్టించక్కర్లేదు, నేనే ఫోన్ చేసి పిలిపిస్తాను" అంది.

కోపంతో అన్న మాట కాదు అది. తీసుకున్న నిర్ణయం వినిపించినట్టు మామూలుగా చెప్పింది. డాక్టరమ్మ కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది. ఇప్పుడే చెప్పెయ్యి, అని ఆమెలో ఒక మనిషి అంది. తల్లి ముందా, అని ఇంకో మనిషి అడిగింది. ఇద్దరూ తేల్చుకునేలోగా ఆమె నోట్లోంచి మూడో మాట వచ్చింది.

"సాయంత్రం చేపలొద్దు."



"ఏం వదినా?"

"వద్దంటే వద్దు. రావద్దని చెప్పు చేపలతనికి."

"పొద్దున మంచిపని చేశావన్నారుగా."

"అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను."

తల్లి మొహం విచ్చుకుంది. "నాకు తెలుసు. అమ్మాయి ఆలోచించిందంటే ఊరికే ఆలోచించదు."

మరదలు కంచం ముందునుంచి లేచింది. చెయ్యి కడుక్కుని కిందికి వెళ్ళిపోయింది. తమ్ముడు అక్కను ఒక చూపు చూశాడు. పెళ్ళాం వైపు మాట్లాడితే తల్లితో, అక్క వైపు మాట్లాడితే పెళ్ళాంతో చిక్కు కాబట్టి, ఆయన ఎప్పట్లాగే పెరుగు వైపు మొగ్గాడు.

డాక్టరమ్మ కిందికి వచ్చేసరికి మరదలు మెట్ల చివర నిలబడి ఉంది. ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"కారణం చెప్పండి వదినా."

"చెబుతాను. పక్కకు రా."

"ఇక్కడే చెప్పండి. నేనేం పొరపాటు చేశానో చెప్పండి, సరిచేసుకుంటాను. అప్పుడు నేను చెయ్యనిదాన్ని చెప్పారు, ఇప్పుడు అదీ చెప్పకపోతే నేనేం చెయ్యాలి?" ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. "ఆ రోజు తర్వాత ఎన్నాళ్ళు ఆలోచించానో తెలుసా మీకు? వలలు మార్చలేదని నాకు తెలుసు. నిద్రలో కూడా మార్చలేదు. మరి జబ్బెలా వెళ్ళింది? ఇక మిగిలినవి నా చేతులే. అందుకని చిన్న తొట్టి ముట్టుకున్నాక సబ్బుతో ఓసారి, మందునీళ్ళతో ఓసారి కడుక్కోవడం మొదలుపెట్టాను. ఇవిగో."

చేతులు చాపింది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, తోలు లేచి ఉంది.

ఆ వేళ్ళను డాక్టరమ్మ ఇంతకు ముందే చూసింది. చూసి, చలిగాలికి పగిలాయనుకుని, రాసుకొమ్మని ఒక ట్యూబు కూడా ఇచ్చింది. అప్పుడు మరదలు ఏమీ చెప్పలేదు. పైగా "థ్యాంక్స్ వదినా" అంది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి డాక్టరమ్మకు సిగ్గేసింది. చాలా ఏళ్ళుగా ఆమె సిగ్గుపడి ఎరగదు కాబట్టి, మొదట అదేమిటో కూడా తెలియలేదు.

"రా" అంది. చెయ్యి పట్టుకుంది. పగిలిన వేళ్ళు నొప్పెడతాయని తట్టి, మణికట్టు దగ్గర పట్టుకుని వెనక వసారాలోకి తీసుకెళ్ళింది.

బకెట్టు అక్కడే ఉంది. అందులో రెండు వలలూ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎర్రదారం, నీలిదారం చిక్కుపడి ఉన్నాయి.

మరదలు బకెట్టును చూసింది. "ఎవరు వేశారు వీటిని ఇందులో?"

"నేనే."

"ఎందుకు?"

"కడగడానికి. వాసనొస్తాయని." డాక్టరమ్మ ఆగింది. తర్వాత వంగి, రెండు వలల్నీ పట్టుకుని, రోజూ చేసినట్టే నీళ్ళలో నాలుగుసార్లు జాడించి, పైకి తీసి, విదిలించి, దేని మేకుకు దాన్ని తగిలించింది. మాటల్లో చెప్పడం కంటే అది తేలిక అనిపించింది.

మరదలు ఎర్రవలను చూసింది. నీలివలను చూసింది. బకెట్లో నీళ్ళను చూసింది. ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

"రోజూనా?"

"రోజూ."

"అప్పుడు కూడానా?"

"అప్పుడు కూడా."

ముందుగదిలో ఎవరో తలుపు తోసిన చప్పుడైంది. మధ్యాహ్నం పేషెంట్లు రావడం మొదలైంది. ఇద్దరూ కదల్లేదు.

"నా వలలకి నీచువాసన ఎందుకు రాదా అనుకునేదాన్ని" అంది మరదలు. "మీ తమ్ముడు కడుగుతున్నారేమో అనుకున్నాను. అడిగితే నవ్వి ఊరుకున్నారు. ఎంత మంచి మనిషో అనుకుని మురిసిపోయాను కూడా." నవ్వబోయింది, నవ్వు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అబద్ధమాడానన్నారు వదినా మీరు. ఇన్నాళ్ళూ చేపలు పోయినందుకు కాదు నా బాధ."

"తెలుసు."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఇందాక. భోజనానికి ముందు."

"మరి బల్ల దగ్గర చెప్పలేదే?"

ఎదుటివాళ్ళు తప్పు చేస్తే ఏం చెప్పాలో డాక్టరమ్మకు కొట్టినపిండి. తన తప్పు దగ్గరికి వచ్చేసరికి మొదటి అక్షరం కూడా రాదు. "అమ్మ ఉందని" అంది చివరికి, చిన్నపిల్లలా.

మరదలు కొంగుతో మొహం తుడుచుకుంది. "సరే. ఏడవడానికి తర్వాత బోలెడు తీరిక. పెద్ద తొట్టిలో హీటరు పెంచాలి. ఇప్పుడే మందు వెయ్యాలి, మచ్చ కనిపించేదాకా ఆగితే లాభం లేదు. అసలు ఇంకా కనిపించలేదో, నేను సరిగ్గా చూడలేదో. కొత్త చేపలు మాత్రం రాకూడదు. మీరన్నది నిజమే." రెండు అడుగులు వేసి ఆగింది. "కానీ వదినా, ఎందుకు వద్దన్నారో అత్తయ్యగారికి నేను చెప్పను. మీరు పేషెంట్లందరి ముందూ అన్నారు. ఎక్కడ అన్నారో అక్కడే చెప్పాలి."

"చెబుతాను."

"ఎప్పుడు?"

డాక్టరమ్మ జవాబు చెప్పేలోపు ముందుగదిలోంచి పిల్ల గొంతు వినిపించింది. "చేపలత్తా! చేపలత్తా! ఇటు రా!"

ఇద్దరూ వెళ్ళారు. గది నిండుగానే ఉంది. కుర్చీల్లో మొదటివాడు పళ్ళసెట్టు బిగువుగా ఉందని వారంవారం వచ్చే పెద్దాయన. చేపలు పోయిన రోజున కూడా ఆయన అదే కుర్చీలో కూర్చుని అంతా విన్నాడు. పాలపన్ను కదులుతున్న చిన్నపిల్ల తొట్టి అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

"అత్తా, దీనికి వీపు దురదా?"

ఎర్రతోక చేప ఒకటి అడుగునున్న గుండ్రాయి దగ్గరికి వేగంగా వచ్చి, పక్కకు వాలి, రాయికి ఒళ్ళు రాసుకుని పైకి లేచింది. గిరుక్కున తిరిగి వచ్చి మళ్ళీ రాసుకుంది. ఒంటిమీద మచ్చ ఏదీ కనిపించడం లేదు. కానీ మచ్చ కనిపించబోయే ముందు చేప అలాగే చేస్తుందని ఆ గదిలో ఇద్దరికి తెలుసు. మరదలు హీటరు మర తిప్పడానికి తొట్టి పక్కకు వంగింది.

అదే సమయానికి వీధి తలుపు తెరుచుకుంది. చేపలు అమ్మే అతను రెండు చేతులా పెద్ద పెద్ద ప్లాస్టిక్ సంచులు పట్టుకుని లోపలికి వచ్చాడు. గాలికి ఉబ్బిన సంచుల్లో చేపలు వెండిరేకుల్లా మెరుస్తున్నాయి. "దారి ఖాళీగా ఉందని తొందరగా వచ్చేశానమ్మా. సంచుల్లో ఎక్కువసేపు ఆగలేవు. ఎక్కడ దించమంటారు?"

మెట్ల మీంచి తల్లి దిగి వచ్చింది. సంచుల్ని చూసింది, తొట్టి దగ్గర వంగి ఉన్న కోడలిని చూసింది, రాయికి ఒళ్ళు రాసుకుంటున్న చేపను చూసింది. పోయినసారి ఆవిడ కూడా ఆ రాత చదవడం నేర్చుకుంది.

"మొదలైందా?" అంది, గదంతా వినేట్టు. "అమ్మాయి వద్దని చెప్పినా తెప్పించావా? మళ్ళీ ఏం చేశావమ్మా, ఈసారి ఏ వల ముంచావు?"

పళ్ళసెట్టు పెద్దాయన తల పైకెత్తాడు. చేపలతను సంచుల్ని కింద పెట్టలేక, పట్టుకోలేక నిలబడ్డాడు. మరదలు హీటరు మర మీద చెయ్యి పెట్టి, తొట్టిలోకే చూస్తోంది.

డాక్టరమ్మ తల్లికీ మరదలికీ మధ్యకు వచ్చి నిలబడింది.

"ముంచింది తను కాదమ్మా" అంది.